తమ్ముడు రోజంతా అడిగే ఒకే ప్రశ్న: ఓసీడీకి మన సరిహద్దు ఊళ్లలో వైద్యం ఎక్కడ?

వంశధార (పర్లాకిమిడి, ఒడిశా)

అందరికీ నమస్కారం. సరిహద్దు తెలుగువాళ్ల ఈ ఫోరంలో ధాన్యం ధరలు, తెలుగు బడుల సంగతులు చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఈసారి ఇంటి సంగతి అడగాల్సి వచ్చింది. వద్దన్నా చొరబడే ఆలోచన, దాన్ని చల్లార్చడానికి అదే పని మళ్లీ మళ్లీ చేయడం, ఈ జబ్బునే ఓసీడీ అంటారట.

మా నాన్నగారికి ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. తమ్ముడు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు అక్కడ కూర్చునేవాడు. నేను కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పటి నుంచి వాడికొక భయం పట్టుకుంది. తన చేతికి మందు అంటుకుని ఉందేమో, ఆ చేత్తో తలుపు గడియ ముట్టుకున్నాడేమో, అదే గడియ నేను తీసి పాపను ఎత్తుకున్నానేమో అని. దుకాణానికి వెళ్లడం మానేశాడు, భయం మాత్రం మానలేదు. మోచేతుల దాకా కడుగుతాడు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రబడింది. సబ్బు దాచేస్తే గిన్నెలు తోమే పొడి తీసుకుంటాడు.

కడగడం కంటే అడగడం ఎక్కువ. "అక్కా, నేను ఉయ్యాల ముట్టుకోలేదు కదా?" "లేదురా." "చూసి చెప్పు." "చూశాను, ముట్టుకోలేదు." కాసేపటికి మళ్లీ వస్తాడు. ఆవులిస్తూ చెప్పినా, ఫోను చూస్తూ చెప్పినా ఆ జవాబు చెల్లదు, మొదటి నుంచి చెప్పాలి. వాడి తృప్తి కోసం అమ్మ ఉయ్యాల గుడ్డలు పూటపూటకూ ఉతుకుతోంది. నిన్న రాత్రి "పాపను చంపాలనే కోరిక నాలోనే ఉందేమో, లేకపోతే ఇలాంటి ఆలోచన ఎందుకు వస్తుంది అక్కా" అని ఏడ్చాడు. పాపంటే వాడికి ప్రాణం.

నాన్నమ్మ ఎవరో చెడుపు చేశారంటోంది. ఊళ్లో ఒక డాక్టరు గారు రాత్రి వేసుకోమని చిన్న మాత్ర రాశారు. నిద్ర పడుతోంది, పొద్దున లేస్తే అదే ప్రశ్న. ఇది ఓసీడీయేనా? నయమవుతుందా? వాడు పాప దగ్గర ఉండడం ప్రమాదమా? ఈ చివరి మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అడగక తప్పదు.

గంజాం మాస్టారు (బరంపురం)

అమ్మా, కుర్రవాడికి తోచక పట్టుకున్న చాదస్తంలా ఉంది. మళ్లీ దుకాణంలో కూర్చోబెట్టండి. తెల్లవారుజామున లేపి సూర్యనమస్కారాలు చేయించండి. మా కాలంలో ఈ పేర్లేవీ లేవు. మందుల జోలికి వెళితే అవి జీవితాంతం వదలవు. మనసు గట్టి చేసుకోమని మెల్లగా నచ్చజెప్పండి.

కొలాబ్ గట్టు (జయపురం)

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను. పేరు లేకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు. నాకు ఇంటర్ చదివే రోజుల్లోనే ఓసీడీ మొదలైంది. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు, తోచక కూర్చునే తీరిక ఎప్పుడూ దొరకలేదు. నా మనసు గట్టిదే. ఆ గట్టితనమంతా తాళం లాగి చూడడానికే ఖర్చయ్యేది.

ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాణ్ణి. లాగి చూసేవాణ్ణి. పడింది. మళ్లీ మలుపు. పడినట్టు గుర్తుంది కానీ, ఆ గుర్తు ఇవాళ్టిదా, నిన్నటిదా? మళ్లీ వెనక్కి. ఎదురింటి పిల్లలు నన్ను చూడడానికి అరుగు మీద కూర్చునేవారు. లాగి లాగి చివరికి తాళంకప్ప నిజంగానే వదులైంది. ఎంత ఎక్కువగా సరిచూసుకుంటే జ్ఞాపకం మీద నమ్మకం అంతగా తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలిందట. నాకు పరిశోధన అక్కర్లేకుండానే తెలిసింది.

వంశధార గారూ, మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు మీ దగ్గర లేదు. మీరు ఎంత బాగా చెప్పినా చెల్లుబాటయ్యేది కాసేపే.

నాగావళి తీరం (రాయగడ, ప్రస్తుతం విశాఖపట్నం)

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఒక పోస్టు చదివి జబ్బు నిర్ధారించలేను, నిర్ధారించకూడదు కూడా. కానీ మీరు రాసిన తీరు ఓసీడీకి చాలా దగ్గరగా ఉంది. సైకియాట్రిస్టుకు చూపించాల్సిన విషయమనడంలో నాకు సందేహం లేదు.

ముందు మీ చివరి ప్రశ్న. ఓసీడీలో వచ్చే ఆలోచన మనిషి కోరిక కాదు, అతనికి అన్నిటికంటే అసహ్యమైనది. పాపంటే ప్రాణం కాబట్టే పాప చుట్టూ తిరుగుతోంది. భక్తుడికి గుడిలో దేవుడి మీద బూతు ఆలోచన వస్తుంది. కొత్తగా తల్లి అయిన మనిషికి, కూరలు తరిగే కత్తి చూడగానే బిడ్డ గుర్తొస్తుంది. ఇలాంటి ఆలోచనలు ఓసీడీ లేనివారికీ వస్తాయి. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు పరిశోధకులు మామూలు మనుషులను అడిగి చూస్తే, ఎక్కువమంది తమకూ అలాంటివి వస్తాయనే చెప్పారు. మిగతావాళ్లు "ఛీ, ఇదేమి ఆలోచన" అనుకుని పనిలో పడిపోతారు. ఓసీడీ ఉన్నవారు "ఇది నాకు ఎందుకు వచ్చింది" అని అక్కడే ఆగిపోతారు. ఆ ఆలోచన వల్ల మీ తమ్ముడు పాపకు హాని చేస్తాడని భయపడనక్కర్లేదు. వాడిని పాపకు దూరంగా ఉంచితే "చూశావా, వీళ్లకూ నా మీద అనుమానమే" అని వాడి భయానికి సాక్ష్యం దొరుకుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ఓసీడీతో పాటు డిప్రెషన్ చాలామందిలో ఉంటుంది. "నేను ఉండకపోతే పాప క్షేమంగా ఉంటుంది" లాంటి మాట ఎప్పుడైనా అన్నాడా? అలాంటి ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పురుగుమందులు ఇంట్లో వాడి చేతికి అందే చోట ఉండకూడదు.

ఇక అసలు సంగతి. ఆలోచన వస్తుంది, గుండె దడదడలాడుతుంది. కడిగితేనో అడిగితేనో ఆ దడ తగ్గుతుంది. తగ్గింది కాబట్టి, కడగడమే కాపాడిందని మెదడు నేర్చుకుంటుంది. మరుసటిసారి ఇంకా గట్టిగా అడుగుతుంది. మీ "లేదురా" కూడా వాడి సబ్బులాంటిదే.

మందుల షాపు (పర్లాకిమిడి)

అమ్మా, ఆ చిన్న మాత్ర అల్‌ప్రజోలమో, క్లోనజెపామో అయి ఉంటుందని నా ఊహ. పేరు చూసి రాయండి. ఇవి భయాన్ని కొద్ది గంటలు తొక్కిపెడతాయి, ఓసీడీకి అసలు మందు ఇవి కాదు. వారాల తరబడి వాడితే అలవాటు పడతారు, ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. కాబట్టి ఇది చదివి ఇవాళే మాన్పించవద్దు, తగ్గించే పద్ధతి డాక్టరే చెప్పాలి. అల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. కానీ సరిహద్దు అవతల పాతపట్నం వైపైనా మన వైపైనా "నిన్నటిదే ఇవ్వన్నా" అంటూ వచ్చేవాళ్లకు తక్కువ లేదు. లేదంటే తిట్టి పోతారు. పోనివ్వండి.

నాగావళి తీరం

మంచి మాట చెప్పారు. ఓసీడీకి మొదట వాడేవి డిప్రెషన్‌కూ ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు: ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవాక్సమిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి. పాత మందు క్లోమిప్రమిన్ కూడా బాగా పనిచేస్తుంది, కాకపోతే దానితో నోరు ఎండడం, మలబద్ధకం ఎక్కువ, గుండె పరీక్ష చేయించి ఇస్తారు. మనవాళ్లు మధ్యలో మానేసేది రెండు కారణాల వల్ల. ఒకటి, డిప్రెషన్‌కు ఇచ్చే దానికంటే ఓసీడీకి ఎక్కువ మోతాదు కావాల్సి వస్తుంది. సెర్ట్రలిన్ 200 మిల్లీగ్రాముల దాకా వెళుతుంది. అది చూసి ఇంట్లో కంగారు పడతారు. రెండోది, 8 నుంచి 12 వారాలు వాడితే గానీ పనిచేసిందీ లేనిదీ తేలదు. మొదటి వారాల్లో వికారం, కాస్త ఎక్కువ ఆందోళన రావచ్చు. పాతికేళ్ల లోపు వారిలో మొదట్లో ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయేమో కనిపెట్టి ఉండాలి.

మాస్టారి భయానికి జవాబు: ఎస్ఎస్ఆర్ఐలు ఆ నిద్ర మాత్రల్లాంటి వ్యసనం కలిగించవు. గుణం కనిపించాక కనీసం ఏడాది, రెండేళ్లు కొనసాగించి మెల్లగా తగ్గిస్తారు. కొందరికి ఎక్కువ కాలం కావాలి. బీపీ మాత్రకు లేని అవమానం దీనికి ఎందుకు?

ప్రాణహిత (సిరొంచ)

మహారాష్ట్ర కొస నుంచి రాస్తున్నాను. నాది ఓసీడీ కాదు, కానీ చదువుతుంటే అన్నీ ఒకే గూటివి అనిపిస్తోంది. నాకు పానిక్ అటాక్‌లు. మొదటిసారి రాత్రి భోజనం చేసి మంచం మీద వాలగానే గుండె బండిలా పరుగెత్తింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఇక అయిపోయింది అనుకున్నాను. మా ఆయన గోదావరి వంతెన దాటించి అవతలకు తీసుకెళ్లారు. ఈసీజీ బాగుంది. "గ్యాసు" అన్నారు. తర్వాత చంద్రపూర్‌లో ఎకో తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ బాగున్నాయి. అన్నీ బాగున్నాయని చెప్పిన కొద్దీ నాకు భయం పెరిగింది. ఇంత పెద్ద యంత్రాలకు కూడా దొరకని జబ్బంటే ఏమిటో అని!

చివరికి ఒక సైకియాట్రిస్టు చెప్పింది విన్నాక ఊరట కలిగింది. అటాక్ సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి తర్వాత దానంతటదే దిగుతుందట. నేను వేగంగా ఊపిరి పీల్చడం వల్లే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయట. అప్పటి నుంచి మంచినీళ్ల సీసా, మాత్రల డబ్బా, తోడు మనిషి లేకుండా బజారుకు వెళ్లడం నేర్పించారు. సీసా వదలడమే అన్నిటికంటే కష్టమైంది. వంశధార గారి తమ్ముడి జబ్బు, నాది ఒకటేనా?

నాగావళి తీరం

చుట్టాలే, ఒక ఇంటివి కావు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసే జబ్బుల వర్గీకరణ పుస్తకం) ఓసీడీని ఆందోళన రుగ్మతల నుంచి విడదీసి వేరే అధ్యాయంలో పెట్టారు. పానిక్‌లో భయం ఒంటి మీదికి దూకుతుంది. జనరలైజ్డ్ యాంగ్జైటీలో పెళ్లి, అప్పు, పరీక్ష, ఆరోగ్యం ఇలా రోజువారీ విషయాల మీద అదుపు లేని దిగులు నెలల తరబడి నడుస్తుంది. ఓసీడీలో చొరబడే ఆలోచన, దాన్ని చల్లార్చే తంతు. వైద్యంలో మాత్రం ఉమ్మడి ఎక్కువ. మీ నీళ్ల సీసా, తమ్ముడి సబ్బు, జయపురం గారి తాళం చేసే పని ఒకటే.

అగ్రహారం (పర్లాకిమిడి)

మీరంతా ఒక విషయం దాటేస్తున్నారు. మా మామ్మ మడి కట్టుకునేది. తడిబట్టతో వంట చేసేది, బయటి నుంచి వచ్చినవాళ్లను గడప దాటనిచ్చేది కాదు. మీ లెక్కన ఆవిడకూ ఓసీడీయేనా? ఆచారాన్నంతా జబ్బు కింద జమకడితే ఎలా?

కొలాబ్ గట్టు

మీ మామ్మగారికి మడి ఎప్పుడు పూర్తయిందో తెలుసు కదా? వంట అయింది, నైవేద్యం అయింది, అందరికీ వడ్డించి తానూ తిని చాప మీద నడుం వాల్చి ఉంటారు. నాకు తెలిసిన ఒకావిడ (మా బంధువే) మడి గుడ్డ ఆరేసిన తీగకు కాకి తగిలిందేమో అని ఆ గుడ్డ మళ్లీ తడిపి, తీగ కడిగి, తీగ కట్టిన గుంజ కడిగి, మధ్యాహ్నం మూడింటికి కూడా పొయ్యి వెలిగించలేకపోయేది. దేవుడి దగ్గర దీపం పెట్టని రోజులుండేవి. ఆచారం కోసం మొదలుపెట్టి ఆచారమే చేయలేని స్థితికి వచ్చింది. ఊళ్లో మాత్రం "ఎంత నిష్ఠ" అన్నారు.

నాగావళి తీరం

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. రోజుకు గంటకు మించి సమయం తింటోందా, మనిషి బాధపడుతున్నాడా, చదువు, సంసారం దెబ్బతింటున్నాయా అన్నవి వైద్యులు చూసే గీతలు. తీవ్రత కొలవడానికి 1989లో ప్రచురించిన యేల్-బ్రౌన్ కొలమానం ఉంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. అందులో శుభ్రత గురించి మార్కులు లేవు, ఎంత సమయం, ఎంత బాధ, ఆపగలుగుతున్నారా అనేదే.

వంశధార

అందరికీ ధన్యవాదాలు. మాత్ర క్లోనజెపామే. తమ్ముణ్ణి నేరుగా అడిగాను. చావాలని లేదన్నాడు, "పాపను చూడాలి కదా" అన్నాడు. పురుగుమందు డబ్బాలన్నీ నాన్న దుకాణంలోకి మార్చి తాళం వేశారు. నాగావళి గారి మాటలు చదివి వినిపిస్తే "ఇది నాకొక్కడికే కాదా?" అని రెండుసార్లు అడిగాడు (ఆ ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు కదా!).

అమ్మ మాత్రం ఒప్పుకోవడం లేదు. "పిల్లవాడు అంత ఏడుస్తుంటే లేదని ఒక్క మాట చెబితే ఏం పోయింది" అంటోంది. రేపటి నుంచి జవాబు చెప్పడం మానేయమంటారా?

నాగావళి తీరం

ఆ ప్రశ్నకు నిక్షేపంగా చెప్పొచ్చు. తెలియనిది ఒకసారి చెబితే సమాచారం. తెలిసినదాన్నే ధైర్యం కోసం మళ్లీ చెప్పించుకుంటే తంతు.

రేపటి నుంచి హఠాత్తుగా మానేయవద్దు, అది శిక్షలా ఉంటుంది. వాడు కుదురుగా ఉన్న వేళ కూర్చోబెట్టి ఒప్పందం చేసుకోండి. "నువ్వు అడిగితే జవాబు చెప్పను, అది నాకు ప్రేమ లేక కాదు, నీ జబ్బుకు మేత వేయకూడదని" అని ముందే చెప్పాలి. వాడు ఒప్పుకోవాలి. ఉయ్యాల ప్రశ్నతోనే మొదలుపెట్టనక్కర్లేదు, కాస్త తేలికైన ప్రశ్న వాడినే ఎంచుకోమనండి. అడిగినప్పుడు అనాల్సిన మాట కూడా వాడే నిర్ణయించాలి. నా దగ్గరికి వచ్చిన కొన్ని ఇళ్లలో "ఇది ఓసీడీ ప్రశ్నలా ఉంది, నీకు కష్టంగా ఉందని తెలుసు, కాసేపు నాతో కూర్చో" అంటారు. వెక్కిరింపు వద్దు, ఉపన్యాసం వద్దు. అమ్మగారితో గొడవ కూడా వద్దు. ఆవిడ ఉతికే ఉయ్యాల గుడ్డలను పూటపూట నుంచి రోజుకోసారికి తెస్తే ఈ వారానికి అదే చాలు.

అసలు చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన కేసులతో మొదలైంది. భయపడేదాన్ని మెట్టుమెట్టుగా ముట్టుకోవడం, ముట్టుకున్నాక తంతు చేయకుండా ఉండిపోవడం. మీ తమ్ముడి విషయంలో, తలుపు గడియ ముట్టుకుని చేయి కడగకుండా కూర్చోవడం కింది మెట్టు కావచ్చు. పాపను ఎత్తుకోవడం పై మెట్టు. పురుగుమందును చేత్తో ముట్టుకోమని ఏ థెరపిస్టూ చెప్పరు, చెప్పకూడదు. మామూలు మనిషి తీసుకునే జాగ్రత్త చాలు, అంతకు మించినదే జబ్బు. దడ మొదట పెరుగుతుంది, పెరిగి అక్కడే ఉండదు. అది దిగకపోయినా భరించగలనని తెలియడం కూడా విజయమే.

కొలాబ్ గట్టు

పుస్తకంలో రెండు వాక్యాలు. చేసేటప్పుడు చూడాలి. తాళం ఒక్కసారి వేసి, లాగకుండా నడిచి వెళ్లి, బ్యాంకులో కూర్చున్న మొదటి రోజు ఖాతాదారుడి సంతకం కనబడలేదు నాకు. నా థెరపిస్టు "తాళం పడే ఉంటుంది" అని ఒక్కసారి కూడా అనలేదు. "పడకపోయి ఉండొచ్చు, ఇప్పుడేం చేస్తారు?" అనేవారు. ఆ రోజుల్లో ఆ మనిషిని చూస్తే ఒళ్లు మండేది. మందు లేకుండా ఇది చేయగలిగేవాణ్ణి కాదు, మందొక్కటే అయితే తాళం లాగడం సగమే తగ్గేది. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. నాకిప్పటికీ ఆలోచన వస్తుంది. పండగ ప్రయాణాల ముందు ఎక్కువ వస్తుంది. వస్తే రానిస్తాను.

ఎక్కడికి వెళ్లాలన్నది మన ప్రాంతంలో పెద్ద చిక్కే. మీ వైపువాళ్లకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం. మా వైపువాళ్లకు కోరాపుట్ మెడికల్ కాలేజీ. ముందుగా జిల్లా ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద చూసే రోజు ఏదో అడగండి. విశాఖ వెళ్లగలిగితే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బాగా మొండికేసిన కేసులకు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది. ఈలోగా 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ అది. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు.

ఒక హెచ్చరిక. బజారులో ఒడియా దంచేస్తాం, బడిలో చదివాం. కానీ డాక్టరు ముందు కూర్చుని "నాకు వచ్చే ఆలోచన ఇది" అని చెప్పాల్సి వచ్చేసరికి నాకు ఒడియా పనిచేయలేదు. సిగ్గు, భయం కలిసి "కొంచెం టెన్షన్ సార్" అని బయటకు వచ్చాను. దాంతో టెన్షన్‌కే మందు రాశారు. అందుకని ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏ ఆలోచన, ఏ తంతు, రోజుకు ఎంతసేపు, ఇంట్లోవాళ్లు ఏమేం చేసిపెడుతున్నారు, ఇప్పుడు వాడుతున్న మాత్ర ఏది.

గంజాం మాస్టారు

అన్నీ చదివాను. సూర్యనమస్కారాల మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఒంటికి మంచిదే, మందుతో పాటు చేసినా నష్టం లేదు. దుకాణంలో కూర్చోబెట్టమన్నది సైకాలజిస్టు గారు చెప్పిన మెట్ల లెక్కలో ఎక్కడో పైన వస్తుంది కాబట్టి ఇప్పటికి పక్కన పెట్టండి.

వంశధారమ్మా, మా ఇల్లు మెడికల్ కాలేజీకి ఎంతో దూరం కాదు. పొద్దున్నే ఓపీ చీటీ వరుస పెద్దది, ముందురోజు సాయంత్రమే వచ్చి మా ఇంట్లో దిగండి. ఆ కాగితం తమ్ముడి చేతనే తెలుగులో రాయించండి, మర్యాద కోసం ఏదీ దాచవద్దని చెప్పండి. నలభై ఏళ్లు ఒడియా బడిలో పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క మాట పోకుండా ఒడియాలో తిరగరాసి ఇస్తాను. తమ్ముడు ఇష్టపడితేనే డాక్టరు గదిలోకి వస్తాను, లేకపోతే బయట బల్ల మీద కూర్చుంటాను.

వంశధార

మాస్టారూ, సోమవారం బయలుదేరుతున్నాం. తమ్ముడు రాయడం మొదలుపెట్టాడు. ఇప్పటికే మూడు పేజీలు దాటింది, ఇంకా చేతులు కడుక్కోవడం దగ్గరే ఉన్నాడు.

నాగావళి తీరం

ఒక పేజీకి కుదించమనండి. ఒకసారి రాసింది మళ్లీ చదివి దిద్దవద్దనీ చెప్పండి. అక్షర దోషాలున్నా మాస్టారు సర్దుకుంటారు.